ఇవాళ ఏం రాసింది టీచర్? - ఎల్‌కేజీ గదిలో ఆటను నడిపే పద్ధతి

మధ్యాహ్నం పన్నెండున్నరకు గేటు దగ్గర రోజూ ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతారు. మొన్న ఒక తల్లి పాప చెయ్యి పట్టుకోకముందే బ్యాగు జిప్పు తీసి నోట్‌బుక్ తిరగేసింది. నిన్నటి పేజీ తర్వాత ఏమీ లేదు. పాప గోళ్ల సందుల్లో బంకమట్టి, గౌను నిండా నీళ్ల మరకలు. "పొద్దంతా ఆడిపిచ్చిన్రా టీచర్?" అంది. ఫీజు కట్టడానికి ఆమె ఎన్ని ఇళ్ల బట్టలు కుడుతుందో నాకు తెలుసు. అందుకే ఆ మాటకు నొచ్చుకోలేదు.

ఆ పాప ఆ పొద్దున ఏం చేసిందో నా పుస్తకంలో రాసి ఉంది. మట్టితో ఐదు ఉండలు చేసింది. పెద్దది, దానికంటే చిన్నది, ఇంకా చిన్నది అని వరుసగా పేర్చింది. పక్కనున్న పిల్లగాడు ఒకటి లాక్కుంటే, "నాకు నాలుగే ఉన్నయి, నాది నాకియ్యి" అని అడిగింది. ఐదులోంచి ఒకటి పోతే నాలుగని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అంతకంటే నాకు సంతోషం కలిగించింది ఇంకోటి ఉంది. జూన్‌లో బళ్లో చేరినప్పుడు ఎవరైనా వస్తువు లాక్కుంటే ఈ పాప కొరికేది. ఇప్పుడు నోటితో అడుగుతోంది. ఇదంతా గేటు దగ్గర నిలబడి ఆ తల్లికి చదివి వినిపించాను. ఆమె బ్యాగు జిప్పు మూసింది.

నేను 16 ఏళ్లుగా నల్గొండ, దేవరకొండ బళ్లలో చిన్నపిల్లలకు చెబుతున్నాను. ఈ మధ్య కొత్తగా చేరిన టీచర్లు, తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. వాటికి నేను గదిలో చేసే పనితోనే జవాబు చెబుతాను.

రాయించకపోతే చెయ్యి ఎట్లా తిరుగుతుంది?

ఎక్కువమంది అడిగేది ఇదే. ముందు పిల్లల మణికట్టు గురించి తెలుసుకోవాలి. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్ల పిల్లల చేతిలో గట్టిపడినవి కొన్నే. ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల కాపీలో నాలుగు పేజీలు నింపమంటే చెయ్యి నొప్పి పుడుతుంది, బడి అంటేనే ఏడుపు వస్తుంది.

నేను మొదట పనిచేసిన బడిలో నర్సరీ పిల్లలకు రోజూ రెండు పేజీలు రాయించాలని రూలు ఉండేది. నేనూ రాయించాను. ఒక పిల్లగాడు రైటింగ్ పీరియడ్ గంట కొట్టగానే నిక్కరు తడుపుకునేవాడు. మిగతా గంటలన్నిటిలో బాగానే ఉండేవాడు. వాడికి ఒంట్లో బాగాలేదేమోనని వాళ్లమ్మకు చెప్పాను, డాక్టర్‌కు చూపించమన్నాను. ఒంట్లో ఏమీ లేదు. ఒకరోజు కాపీలు పంచకుండా ఆ గంటలో చింతగింజలు పోసి ఆడుకోమన్నాను. ఆరోజు తడుపుకోలేదు. ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. ఆ ఏడాదంతా వాడికి నేను ఎందుకు అన్యాయం చేశానా అని బాధపడతాను.

చెయ్యి తయారైందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. పిల్లలకు బొమ్మ గీసి చూపించి, చూసి గీయమనండి. మూడేళ్లు వచ్చేసరికి సున్నా గీస్తారు. నాలుగేళ్లకు కూడిక గుర్తు. నాలుగున్నర, ఐదేళ్ల మధ్య చతురస్రం. ఐదు దాటాక త్రిభుజం. కొందరు అటూ ఇటూ అవుతారు, దానికి కంగారు పడొద్దు. కూడిక గుర్తులో అడ్డగీత, నిలువుగీత ఒకదాన్నొకటి కోసుకునేలా గీయలేని పిల్లలతో 'ఆ' రాయించడమంటే, నిలబడటం రాని వాళ్లను పరుగు పెట్టించడమే.

మరి ఆ లోపల ఏం చేయించాలి? మా గదిలో జరిగేవి చెబుతాను. బంకమట్టి పిసకడం. తడిబట్ట పిండి తీగ మీద ఆరేసి క్లిప్పులు పెట్టడం. క్లిప్పు నొక్కడానికి బొటనవేలు, చూపుడువేలు కలవాలి, రేపు పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే. పాత పేపరు సన్నగా చింపడం. బఠానీలు ఒలవడం. బత్తాయి తొక్క తీయడం. మా వైపు బత్తాయి తోటలకు కొదవ లేదు కాబట్టి సీజన్‌లో ఏ తండ్రినడిగినా నాలుగు కాయలు పంపిస్తాడు. తొక్క మీద నేను కత్తితో చిన్న గాటు పెట్టి ఇస్తాను, మిగతాది వాళ్ల పని. ఒక కాయకు ఇరవై నిమిషాలు పడుతుంది. రసం మోచేతి దాకా కారుతుంది. తొనలు లెక్కపెట్టుకుంటారు, పంచుకుంటారు, గింజలు ఉమ్ముతారు. ఆ ఇరవై నిమిషాలు గదిలో గోల ఉండదు.

అక్షరాల దగ్గరికి వచ్చేసరికి కూడా మొదట పెన్సిల్ ఉండదు. పళ్లెంలో జల్లించిన ఇసుక, అందులో వేలు. ఆకిట్లో ముగ్గు వేసే అమ్మను రోజూ చూసే పిల్లలకు వేలితో గీయడం కొత్త కాదు. నేను 'అ'తో మొదలుపెట్టను. అది చూడ్డానికి మొదటి అక్షరమే గానీ, చేతికి కష్టం. సున్నా చుట్టి పైన తలకట్టు పెడితే 'ర' అవుతుంది. వంపు గీసి తలకట్టు పెడితే 'గ'. ఈ రెండూ వచ్చాక పిల్లలకు ధైర్యం వస్తుంది. 'ప', 'వ', 'మ' ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకే వారంలో పెట్టొద్దు. వాళ్ల పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రం ఎప్పుడైనా చెప్పొచ్చు, ఎందుకంటే దాన్ని నేర్చుకోవాలనే కోరిక వాళ్లదే.

ఆడుకోవడానికి టీచర్ ఎందుకు?

ఆట పెట్టడమంటే పిల్లల్ని వదిలేసి ఫోన్ చూసుకోవడం అని కొందరు కొత్త టీచర్లు కూడా అనుకుంటున్నారు. రాయించే రోజు కంటే ఆడించే రోజు నాకు పని ఎక్కువ. ఆ పనిలో మూడు భాగాలు ఉన్నాయి: ముందు సర్దడం, మధ్యలో చూడటం, అవసరమైనప్పుడు లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రావడం. మూడోది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కిరాణా దుకాణం ఆట చూడండి. ముందురోజు సాయంత్రం నేను, ఆయమ్మ కలిసి గది మూలన రెండు అట్టపెట్టెలు తిప్పి బల్లలా పెడతాం. ఖాళీ సబ్బు డబ్బాలు, చాయ్‌పత్తా ప్యాకెట్లు, ఒక చాట, ఒక తక్కెడ, పాత క్యాలెండర్ కాగితాలు కోసి చేసిన నోట్లు, ఒక పెన్ను, చీటీల కట్ట. తక్కెడ ఖర్చుతో పని కాదు, రెండు ప్లాస్టిక్ మూతలు, పురికొస, ఒక కర్ర ఉంటే చాలు. చీటీల కట్ట తప్పకుండా పెట్టాలి. అది ఉంటే పిల్లలు లెక్క 'రాస్తారు'. గీతలు గీసి "ఇరవై రూపాయలు" అని చదువుతారు. రాసింది మాటను మోస్తుందని వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

పోయిన ఏడాది తండా నుంచి వచ్చిన ఒక పిల్లగాడు మూడు వారాలు నోరు తెరవలేదు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. నాకు ఆ భాష నాలుగు ముక్కలే వచ్చు. పేరు పిలిస్తే తల దించుకునేవాడు. వాణ్ణి నేను ఏమీ అడగలేదు, దుకాణం దగ్గర కూర్చోనిచ్చాను. నాలుగో వారంలో ఒకరోజు నేను బేరానికి వెళ్లాను. కొంగులో ముడి విప్పుతున్నట్టు నటించి "బాటి ఉందా సేటూ?" అన్నాను. బాటి అంటే వాళ్ల భాషలో రొట్టె. వాడు నా ముఖం చూశాడు. అట్టముక్క ఒకటి తీసి చాటలో పెట్టాడు. తర్వాత ఇంకోటి పెట్టి, "యాడికి" అన్నాడు. యాడి అంటే అమ్మ. రెండోది మా అమ్మకు అని వాడి లెక్క. నేను డబ్బులిచ్చి, దండం పెట్టి వచ్చేశాను. అక్కడే నిలబడి "రొట్టె రంగు ఏంటి? మొత్తం రొట్టెలు ఎన్ని?" అని అడిగి ఉంటే ఆట చచ్చిపోయేది. ఆరోజు మధ్యాహ్నానికి పక్కపిల్లలు ముగ్గురు "బాటి, బాటి" అంటూ వాడి దగ్గర లైను కట్టారు. తెలుగు మాటలు ఆ తర్వాత వాడికి వాళ్లే నేర్పారు.

ఇంటి భాషను బడి గుమ్మం దగ్గర వదిలేయమనొద్దు. మా గదిలో లంబాడీ ఉంది, ఉర్దూ ఉంది, మా తెలుగు ఉంది. పిల్లలు 'నీళ్లు' అన్నా 'పానీ' అన్నా గ్లాసు అందించండి, తెలుగు మాట మీరు ఒకసారి పలకండి, అంతే.

లోపలికి వెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సింది: కొనేవాళ్లుగానో, పేషెంటుగానో, బస్సులో ప్యాసింజరుగానో వెళ్లండి. టీచర్‌గా వెళ్లొద్దు. ఒక చిక్కు వేసి రండి. "నా దగ్గర చిల్లర లేదు, ఎట్లా?" "అరకిలో కావాలి, మీ తక్కెడలో తూగుతుందా?" వాళ్లు దాన్ని విప్పుకుంటుంటే మీరు పక్కకు జరగండి.

ఆటకు టైం కూడా చాలినంత ఇవ్వాలి. ఎవరు సేటు, ఎవరు బేరగాళ్లు అని తేల్చుకోవడానికే పిల్లలకు పది నిమిషాలు పోతుంది. అరగంట పీరియడ్ పెడితే ఆట మొదలయ్యేసరికి గంట కొడతారు. నేను ముప్పావుగంట కంటే తగ్గించను. ఎండాకాలంలో ఒంటిపూట బడులప్పుడు బయటి ఆట పొద్దున్నే అయిపోవాలి. పదకొండు దాటితే మా వైపు ఎండకు ఇనుప జారుడుబండ తొడలు కాలుస్తుంది. చెట్టు నీడలో మట్టిపని, నీళ్లపని ఆ వేళకు ఉంచుకోండి.

చూసింది రాసుకోండి. రోజుకు నలుగురు పిల్లలు, ఒక్కొక్కరికి రెండు వాక్యాలు. "సిగ్గుపడింది", "చురుకైనవాడు" అని రాయొద్దు. ఏం చేశారో, ఏం అన్నారో అదే రాయండి. గేటు దగ్గర తల్లి అడిగినప్పుడు మీకు జవాబు చెప్పేది ఆ పుస్తకమే.

నూరు దాకా చదువుతున్నాడు, లెక్కలు వచ్చినట్టేనా?

రాలేదు. నాతో కాసేపు కూర్చుని చూడండి, ఎందుకు అంటున్నానో తెలుస్తుంది.

నూరు దాకా గడగడా చెప్పే నాలుగేళ్ల పిల్లగాడి ముందు ఏడు చింతగింజలు పోశాను. లెక్కపెట్టమన్నాను. వేలు ఒక వేగంతో, నోరు ఇంకో వేగంతో వెళ్లాయి. ఒక గింజకు రెండు అంకెలు, రెండు గింజలకు ఒక అంకె. పది అన్నాడు. ఒక్కో గింజను ఇటు నుంచి అటు జరుపుతూ లెక్కపెట్టమంటే ఏడు వచ్చింది. సంతోషం. "మొత్తం ఎన్ని?" అన్నాను. జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. చివరగా పలికిన అంకే మొత్తం అని వాడికి ఇంకా తెలియదన్నమాట. నూరు అంకెలూ వాడికి నోటిపాటగానే వచ్చాయి, ఎన్ని అనే జ్ఞానం వేరే దారిలో రావాలి.

తర్వాత ఇంకొకటి చేశాను. ఆరు గింజలు ఒక వరుస, దాని కింద ఎదురెదురుగా ఇంకో ఆరు. "రెండూ సమానమేనా?" సమానమే అన్నాడు. వాడి కళ్ల ముందే కింది వరుసను ఎడంగా జరిపాను. ఇప్పుడు ఏది ఎక్కువ? వెంటనే కింది వరుస చూపించాడు, "గిది పొడుగున్నది కద" అన్నాడు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే పిల్లల ఆలోచన మీద చేసిన ప్రయోగాల్లో ఇది బాగా పేరున్నది. పరిచినంత మాత్రాన గింజలు పెరగవని పిల్లలకు సాధారణంగా ఆరు, ఏడేళ్ల వయసులో స్థిరపడుతుంది. వాణ్ణి "తప్పు, మళ్లీ చూడు" అని గద్దించి లాభం లేదు. గింజల్ని దగ్గరికి జరుపుకుంటూ, దూరం జరుపుకుంటూ వాడే కొన్ని వందలసార్లు ఆడాలి.

అందుకే మా గదిలో లెక్కలు బోర్డు మీద తక్కువ, పనుల్లో ఎక్కువ. భోజనానికి కూర్చున్న వాళ్లకు ఒక్కొక్కరికి ఒక ప్లేటు పెట్టి రావడం ఒకరి డ్యూటీ. రెండు మిగిలితే ఎవరు రాలేదో వాళ్లే చెబుతారు. మెట్లు ఎక్కుతూ లెక్క. ఇసుక దగ్గర మా అత్తమ్మ దగ్గర నుంచి తెచ్చిన పాత కొలతలు పెట్టాను: సోల, తవ్వ, మానిక. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. నేను చెప్పలేదు. ఇసుక పోసి పోసి ఒక పాప పట్టుకుంది, మిగతావాళ్లను పిలిచి చూపించింది. పెద్దయ్యాక భిన్నాలు నేర్చుకునేటప్పుడు ఆ చేతులకు ఈ ఇసుక గుర్తుంటుందని నా నమ్మకం.

బతుకమ్మ రోజుల్లో మాకు వేరే సామాను అక్కర్లేదు. తాంబాళంలో ఒక వరుస గునుగు, ఒక వరుస తంగేడు, ఒక వరుస బంతి. తర్వాత ఏ పువ్వు రావాలి? పైకి వెళ్లేకొద్దీ వరుసలో పూలు ఎందుకు తగ్గుతున్నాయి? మీరు అడగకపోయినా పూలు అయిపోయినప్పుడు వాళ్లే అడుగుతారు.

ఏ వస్తువులు వాడొచ్చు, ఏవి వద్దు?

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఇంట్లో, పొలంలో దొరికే గింజలతో ఆడించమని అందరూ చెబుతారు. ఏ గింజలో అంత గట్టిగా చెప్పరు.

నల్గొండ, పాలమూరు పొలాల్లో ఆముదం ఉంటుంది. ఆముదం గింజలు నున్నగా, మచ్చలతో చాలా అందంగా ఉంటాయి. నమిలి మింగితే విషం. గదిలోకి రానివ్వొద్దు. గురిగింజలు అంతకంటే ప్రమాదం. ఎరుపు నలుపు చూసి పిల్లలు మురిసిపోతారు, జేబులో వేసుకుని వస్తారు. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. విత్తనాల ప్యాకెట్లలో మిగిలిన పత్తి గింజలకు మందు పట్టించి ఉంటుంది, అవీ వద్దు. సీతాఫలం గింజలు చాలామంది లెక్కలకు వాడతారు. ఆ గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది కాబట్టి నేను మానేశాను. రిమోట్లలో, ఆటబొమ్మల్లో ఉండే గుండ్రని బటన్ సెల్ మింగితే గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. పాడైన బొమ్మలు, గడియారాలు తెచ్చి ఇచ్చేముందు సెల్ తీసేయండి.

చింతగింజలు, బఠానీలు కూడా మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దు. ఆ పైవాళ్లకైనా పక్కన మనిషి లేకుండా ఇవ్వొద్దు. ఒకసారి నా గదిలోనే ఒక పాప శనగగింజ ముక్కులో పెట్టుకుంది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఒక పక్కే చీమిడి కారుతుంటే అనుమానం వచ్చింది. ఆయమ్మ పిన్నీసు తీస్తానంది, నేను ఆపాను. లోపల పొడిస్తే గింజ ఇంకా వెనక్కి పోతుంది. నీళ్లు కొట్టినా ముప్పే, తడికి గింజ ఉబ్బుతుంది. ఆటోలో నేరుగా చెవి, ముక్కు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, రెండు నిమిషాల్లో తీశారు. వాళ్ల నాన్న బడికి వచ్చి నన్ను గట్టిగానే అడిగాడు. అడగాల్సిందే. ఆనాటి నుంచి గింజల ఆట ముందు గింజలు లెక్కపెట్టి ఇస్తాను, తర్వాత లెక్కపెట్టి తీసుకుంటాను. ఆ లెక్క పిల్లలే చేస్తారు.

కొనాల్సినవి చాలా తక్కువ. చెరువు మట్టి, ఇసుక, వడ్రంగి దగ్గర దొరికే చెక్కముక్కలు గరుకుకాగితంతో నునుపు చేసి, పాత చీరలు, చాట, జల్లెడ, తాళంచెవుల గుత్తి, అట్టపెట్టెలు. రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మ ఒకే పని చేస్తుంది. చీర పొద్దున పందిరి అవుతుంది, మధ్యాహ్నం మూసీ నది అవుతుంది.

కొన్ని చిన్న ప్రశ్నలు

ఫోన్‌లో రైమ్స్ పెడితే ఇంగ్లిష్ వస్తుంది కదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజు మొత్తంలో గంటకు మించి స్క్రీన్ వద్దు, ఎంత తగ్గితే అంత మంచిది. మూడు, నాలుగేళ్ల వాళ్లకు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలే పని ఉండాలి, అందులో ఒక గంట చెమట పట్టేలా ఎగరాలి, ఉరకాలి. ఇంగ్లిష్ మాటలు కావాలంటే మీరే చెప్పండి, వాళ్లు తిరిగి అడిగినప్పుడు జవాబు చెప్పండి. ఫోన్ తిరిగి జవాబు చెప్పదు.

మా వాడు వంటాట ఆడుతున్నాడు, ఏమైనా తేడానా? ఏమీ లేదు. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది ఎక్కువగా మగవాళ్లే కదా. వాణ్ణి వండనివ్వండి.

ఒక్కతే ఆడుకుంటుంది. మూడేళ్ల వయసులో పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడటం మామూలే. ఏ వయసులోనైనా ఎవరి వైపూ చూడకుండా, పేరు పిలిచినా తిరగకుండా, ఒకే వస్తువును ఒకేలా తిప్పుతూ ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. పిల్లల డాక్టర్‌కు చూపించండి, వినికిడి కూడా పరీక్ష చేయించండి.

కొట్టుకుంటే? మొదట చేతులు ఆపండి, తర్వాత మాట అందించండి. "నాకు కావాలి అని చెప్పు." "నేను ఆడినంక ఇస్త అని చెప్పు." సారీ చెప్పమని బలవంతం చేస్తే సారీ అనే మాట ఒక్కటే నేర్చుకుంటారు.

ఒకటో తరగతిలో వెనకబడితే?

ఈ భయం నిజమైనది, దాన్ని తీసిపారేయను. పక్కబడి పిల్లలు కాపీలు నింపుతుంటే మా బడి మేనేజ్‌మెంట్‌కు కూడా టెన్షన్ వస్తుంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు కొన్ని విషయాలు చేతిలో ఉంచుకోండి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా పెట్టింది, బడికి ముందు మూడేళ్లు, తర్వాత ఒకటి, రెండు తరగతులు. ఆ దశకు 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనకు మధ్యలో పెట్టింది. ఆరేళ్లలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలు పెట్టొద్దని, ఈ వయసుకు పరీక్షలు తగవని చెప్పింది. కిండర్‌గార్టెన్ అనే మాట పుట్టిందే తోట నుంచి. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన బడికి పెట్టిన పేరు అది, పిల్లల తోట అని అర్థం. ఆయన పిల్లల చేతికి ఇచ్చినవి ఉన్నిబంతులు, చెక్కదిమ్మెలు. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిర్ పెట్టి కొట్టకుండా, భయపెట్టకుండా చెప్పారు.

కాగితం మీది మాటలతో తల్లిదండ్రులు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని నేను కూడా అనుకోను. వాళ్లు చూడాలి. అందుకే నెలకు ఒక శనివారం పొద్దున గంటన్నర వాళ్లను గదిలోకి పిలుస్తాను. కుర్చీలు వేయను. పిల్లలతో కింద కూర్చుని ఆడాలి. కూలి పోతుందనే వాళ్లుంటారు కాబట్టి పొద్దున ఎనిమిదికే పెట్టి, తొమ్మిదిన్నరకల్లా వదిలేస్తాను.

పోయిన డిసెంబర్‌లో అట్లా వచ్చిన వాళ్లలో ఒక తండ్రి మేస్త్రీ. పాలమూరు మనిషి, హైదరాబాద్‌లో పని, నెలకోసారి ఇంటికి వస్తాడు. మొదట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూతురు చెక్కముక్కలతో గోడ కడుతోంది. ముక్క మీద ముక్క సరిగ్గా పెడుతోంది, అరడుగు లేవగానే కూలుతోంది. మూడుసార్లు కూలింది. నాలుగోసారి ఆయన చెప్పులు విడిచి వచ్చి కింద కూర్చున్నాడు. ఒక ముక్క తీసి, కింది రెండు ముక్కలు కలిసే చోటు మీద అడ్డంగా పెట్టాడు. "చూడు బిడ్డా, జాయింటు మీద జాయింటు రావొద్దు. గీ ఇటుక గా రెండిటిని పట్టుకోవాలె." పాప చూసింది. తర్వాతి ముక్క తనే పెట్టింది. కాస్త పక్కకు పోతే ఆయన వేలితో నెట్టాడు. ఇద్దరూ మోకాలి ఎత్తు గోడ లేపారు. మధ్యలో ఆయన ఒక్కసారి కూడా నోట్‌బుక్ అడగలేదు. వెళ్లేటప్పుడు ఈ ముక్కలు ఎక్కడివని మాత్రం అడిగాడు. కొన్ని ఎక్కువతక్కువలున్నాయి, మట్టం రాదు అన్నాడు.

సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు సైటులో మిగిలిన సెంట్రింగ్ చెక్కను ఒకే కొలతకు కోయించి, అంచులు రుద్దించి, సిమెంటు సంచిలో వేసుకుని తెచ్చాడు. మొత్తం 64 ముక్కలు. పిల్లలే లెక్కపెట్టారు, రెండు రోజులు పట్టింది.